వెన్న ఎవరికి, మజ్జిగ ఎవరికి

చాలా ఏళ్ళు హోంసైన్సు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి మదనపల్లెలో మా వీధి ఆడవాళ్ళకి నేను ఉచిత సలహాదారుని. నలభై దాటినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, థైరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళు ఈమధ్య నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "డాక్టరు బరువు తగ్గమన్నాడక్కా, ఏ పాలు వాడమంటావు?" మగవాళ్ళు ఒక్కరూ నన్నీ ప్రశ్న అడగలేదు. వాళ్ళ పాల సంగతి కూడా వాళ్ళ భార్యలే అడుగుతారు.

జవాబు లెక్కల్లో చెప్పొచ్చు. నిబంధనల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలల్లో కనీసం 6 శాతం వెన్న ఉండాలి. స్టాండర్డైజ్డ్ పాలల్లో 4.5, టోన్డ్ పాలల్లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. స్కిమ్డ్ పాలల్లో 0.5 మించకూడదు. ఒక గ్రాము కొవ్వుకి 9 కెలోరీలు. రోజుకి పావు లీటరు తాగే మనిషి టోన్డ్ మానేసి డబుల్ టోన్డ్‌కి మారితే తగ్గేది 34 కెలోరీలు. చెంచాడు చక్కెరలో 20 ఉంటాయి. రోజు మొత్తం కాఫీల్లో రెండు చెంచాల చక్కెర తగ్గించుకుంటే ప్యాకెట్ మార్చినదానికన్నా కాస్త ఎక్కువే ఫలితం. చిక్కటి ఎనుముపాల నుంచి టోన్డ్‌కి మారితే మాత్రం తేడా 80 కెలోరీల దాకా వస్తుంది, అది పట్టించుకోవలసిందే. వెన్నతో పాటు ఎ విటమిన్ పోతుంది గానీ మాంసకృత్తులూ కాల్షియమూ ఎక్కడికీ పోవు. వెన్న తీసిన పాలు తాగితే ఎముకలు గుల్లబారతాయన్నది వట్టి భయం. అలాగే, వెన్న తీసిన పాలు తాగినంత మాత్రాన మనిషి సన్నబడుతుందని కూడా అధ్యయనాల్లో గట్టిగా తేలలేదు.

ఇంత చెప్పినా అడిగినవాళ్ళ మొహంలో తృప్తి కనపడదు. వాళ్ళ గొంతులో ఉన్న బెంగ 34 కెలోరీలది కాదు. మీగడ కట్టిన పాలు చూస్తేనే ఏదో తప్పు చేసినట్టు చూపు తిప్పుకుంటారు. ఈ బెంగ ఎప్పటినుంచి పట్టుకుంది, పాలల్లోంచి వెన్న తీసెయ్యడం ఎప్పుడు ఆరోగ్యసూత్రమయింది అని వెతుక్కుంటూ పోతే నాకు మా ప్రాంతపు ఆడవాళ్ళ చరిత్ర కొంత దొరికింది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళే దారిలోనే దొరికింది.

వెన్న తీసిన పాలు తాగడం మనకి కొత్తేమీ కాదు. మా అవ్వ కాలమంతా తాగింది అవే. పాలు కాచి, తోడేసి, తెల్లారగట్ల కవ్వంతో చిలికి వెన్న తీసేది. వెన్న కాచిన నెయ్యి సంతకి పోయేది, లేకపోతే కొడుకుల కంచాల్లోకీ వచ్చిపోయే అల్లుళ్ళ విస్తళ్ళలోకీ పోయేది. కుండలో మిగిలిన మజ్జిగ ఇంటి ఆడవాళ్ళకి, కూలీలకి. మధ్యాహ్నం సంగటిలోకి అదే. డబుల్ టోన్డ్ అన్న పేరు లేదు గానీ సరుకు దాదాపు అదే. ఊళ్ళో పాడి లేనివాళ్ళు చెంబు పట్టుకుని వచ్చి మజ్జిగ పోయించుకునేవాళ్ళు. మజ్జిగ అమ్మకూడదు, అది పుణ్యం అనేవాళ్ళు. ఊరి బయటి వాడల నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం ఆ పుణ్యం చెంబుకి తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్ళు. మా అవ్వ మంచిది, దయగలది అని అందరూ చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. ఆ ఎత్తు నుంచి పోసిన చెయ్యి కూడా ఆమెదే. వెన్న ఎవరికి, మజ్జిగ ఎవరికి అన్న పంపకంలో ఇంట్లో ఆడదాని చోటూ ఊళ్ళో కులం చోటూ రెండూ తేలిపోయేవి.

ప్యాకెట్ మీద ఉన్న "టోన్డ్" అన్న మాటని మా వీధి ఆడవాళ్ళు జిమ్ముల్లో వినపడే మాట లాంటిదేననుకుంటారు, ఒంటిని బిగువుగా ఉంచే పాలని. ఆ మాట పుట్టింది వేరే అవసరానికి. 1946లో బొంబాయిలో దారా ఖురోడీ అనే పార్సీ డెయిరీ నిపుణుడు ఈ పాలు తయారుచేయించాడు. నగరంలో ఎనుముపాలు చిక్కగా ఉండేవి, పేదవాడికి అందేవి కావు. అందులో వెన్న తీసిన పాలపొడి, నీళ్ళు కలిపి, వెన్న శాతం దించి, పోషకాలు మరీ పలచబడకుండా చూసి, తక్కువ ధరకి అమ్మారు. పేద పిల్లలకి పాలు అందించడానికి కనిపెట్టిన ఉపాయమది. ఖురోడీకి 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిపి మెగసెసే అవార్డు వచ్చింది. కురియన్ పేరు అందరికీ తెలుసు. రోజూ పొద్దున ఇంటింటా వాడే మాట ఖురోడీ కాలానిదే అయినా ఆయన పేరు మాత్రం ఎవరూ తలవరు.

ఆ పాలపొడి ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంకో కథ. పాశ్చాత్య దేశాల్లో వెన్నకి గిరాకీ ఉండేది, వెన్న తీసిన పాలని పందులకి పోసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది పొడిగా మారి, సహాయం పేరుతో బీద దేశాలకి ఓడలెక్కింది. మన బళ్ళల్లో పిల్లలకి కలిపి పోసిన పొడిపాలు ఆ కోవలోవే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌కి మూలధనం కూడా యూరప్‌లో మిగిలిపోయిన పాలపొడి, బటర్ ఆయిల్. ఇంతలో అక్కడ ఆలోచన తిరగబడింది. గుండెజబ్బుల భయం పెరిగి, 1977లో అమెరికా సెనెట్‌లో జార్జ్ మెక్‌గవర్న్ నాయకత్వంలోని సంఘం, మామూలు పాల బదులు వెన్న తీసిన పాలు తాగమని తన ప్రజలకి చెప్పింది. పందుల పాలు, పేదల పాలు, కలవారి పాలయ్యాయి. 1991 తర్వాత ప్రైవేటు డెయిరీలు మన వీధుల్లోకి వచ్చేసరికి ఈ కొత్త అర్థం కూడా వాటి వెనకే వచ్చింది. పేదవాళ్ళ కోసం తీసిన వెన్ననే ఇప్పుడు సన్నబడడానికి తీయించుకుంటున్నాం.

ఇక మదనపల్లె. ఈ ఊళ్ళో పాల పేరు చెప్పి బరువు పెంచిన రోజులున్నాయి. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో 1915 నుంచి మిషన్ల ఉమ్మడి క్షయ ఆసుపత్రి నడిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. అప్పటికి క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో, మనదాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అందాకా శానిటోరియంలలో వైద్యమంటే మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, పాలూ గుడ్లూ ఉన్న భోజనం, క్రమం తప్పకుండా చూసే తూకం. క్షయ అన్న మాటకి అర్థమే తరిగిపోవడం. తూకంలో ముల్లు పైకి కదిలితే బతుకుతావని, కిందికి జారితే రోజులు దగ్గరపడ్డాయని. ఇవాళ అదే ఊరి ఆడవాళ్ళు తూకం మీద నిలబడి ముల్లు కిందికి జారాలని మొక్కుకుంటున్నారు.

శానిటోరియం గురించి చదువుతున్నప్పుడు నన్ను పట్టుకున్నది పాల మాట కాదు, విశ్రాంతి మాట. నెలల తరబడి పని చెయ్యకుండా మంచం మీద పడుకోమని, వండిపెట్టిన తిండి వేళకి తినమని ఆడమనిషికి ఎవరైనా చెప్పింది ఆమెకి క్షయ వచ్చాకనే కదా. అదీ ఇంట్లో వాళ్ళు ఆసుపత్రిదాకా పంపిస్తే. ఆడవాళ్ళ దగ్గు చాలా ఇళ్ళల్లో పొయ్యి పొగ ఖాతాలోకే పోయేది.

1956లో మద్రాసులో మొదలైన ఒక పరీక్ష శానిటోరియంల రాత మార్చేసింది. రోగుల్లో సగంమందికి ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చారు, సగంమందికి ఇంటిదగ్గరే ఇచ్చారు. ఇంటిదగ్గరున్నవాళ్ళు ఇరుకిళ్ళల్లో ఉన్నారు, తక్కువ తిన్నారు, తక్కువ బరువు పెరిగారు. జబ్బు మాత్రం ఇద్దరికీ ఒకేలా తగ్గింది. 1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తిండికి విలువ లేదని దీనర్థం కాదు. క్షయ రోగుల ఇళ్ళల్లో మిగతావాళ్ళకి సరైన తిండి అందిస్తే కొత్తగా జబ్బు రావడం బాగా తగ్గుతుందని 2023లో జార్ఖండ్ నుంచి వచ్చిన అధ్యయనం చూపించింది. నేను తీసుకున్నది ఒక చిన్న విషయం. తూకం చూపించే అంకె మనిషి ఆరోగ్యం గురించి కొంత చెబుతుంది, అంతా చెప్పదు. పెరిగినప్పుడూ అంతే, తగ్గినప్పుడూ అంతే.

మదనపల్లె అనగానే పత్రికలవాళ్ళు 1919లో టాగూరు వచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చాడని రాస్తారు. ఆ పాటకి బాణీ రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ పేరు రెండో వాక్యంలో వస్తుంది, ఒక్కోసారి రాదు. దివ్యజ్ఞాన కళాశాలలో భర్త పనిచేస్తున్న రోజుల్లో ఆమె ఇక్కడి ఆడవాళ్ళతో అబలా అభివర్ధనీ సమాజం పెట్టింది. 1917లో మద్రాసులో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కి అదొక తొలి అడుగు. ఇక్కడికి రాకముందు ఐర్లండులో ఓటుహక్కు కోసం జైలుకెళ్ళి, 1913లో టల్లమోర్ జైల్లో అన్నం మానేసింది. ఆ ఉద్యమంలో నిరాహారదీక్ష చేసిన ఆడవాళ్ళని ఇంగ్లండు జైళ్ళల్లో మంచానికి అదిమిపట్టి, రబ్బరు గొట్టంతో పాలూ గుడ్లూ కడుపులోకి పోసేవాళ్ళు. కజిన్స్ దాకా ఆ గొట్టం రాలేదు. శాకాహారి అయిన ఆమెకి పాలంటే ఇష్టమే అయ్యుండొచ్చు. కానీ తినడమూ మానడమూ తన ఒంటికి సంబంధించిన నిర్ణయాలని జైలు అధికారులతో తేల్చుకుని వచ్చిన మనిషి మా ఊళ్ళో తిరిగిందని తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. "బరువు తగ్గకపోతే మా ఆయన నా మొహం చూడడక్కా" అని ఒకమ్మాయి నాతో అన్న రోజున కజిన్స్ మరీ గుర్తొచ్చింది.

పుంగనూరులో కథ మనిషిది కాదు, ఆవుది. మీటరు ఎత్తు కూడా లేని ఆవు. ఎండుగడ్డి, పొలంగట్టు మీది పచ్చిక తిని కరువులో కూడా బతుకుతుంది. పాలు తక్కువ, రోజుకి రెండు మూడు లీటర్లు. అయితే చిక్కన. వెన్న 8 శాతమని ఊళ్ళో చెప్పుకుంటారు, జాతుల పుస్తకాల్లో 5 శాతమని ఉంటుంది. 5 అయినా ఆవుకి ఎక్కువే. లీటర్ల లెక్క వచ్చాక ఈ ఆవు పనికిరానిదయింది. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిపిన సంకరజాతి ఆవులు ఊరూరా వచ్చాయి, పుంగనూరు ఆవు పలమనేరు పశుపరిశోధనా కేంద్రంలో కాపాడుకోవలసిన స్థితికి వచ్చింది.

సంకరజాతి ఆవుని నేను తిట్టను. ఆ పాలతో చదువుకున్న ఆడపిల్లలు నా క్లాసుల్లో కూర్చున్నారు. కానీ ఆవు పెద్దదైనకొద్దీ పని పెరిగింది. పచ్చగడ్డి కోసుకురావాలి, నీళ్ళు తోడాలి, దాణా కలపాలి, ఎండకి తట్టుకోదు కాబట్టి కడగాలి, పేడ ఎత్తాలి. లీటర్లు పెరిగినట్టు పథకాల కాగితాల్లో ఉంటుంది, ఈ పెరిగిన పని ఎవరి చేతుల మీద పడిందన్నది ఉండదు.

ఇప్పుడు పుంగనూరు ఆవుకి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. బంగళా పెరళ్ళలో కట్టుకోవడానికి లక్షలు పోస్తున్నారు. ఎ2 పాలు, ఎ2 నెయ్యి అని ఇంకో వ్యాపారం. ఆ పేరుతో అమ్మడం తప్పుదోవ పట్టించడమేనని ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో చెప్పింది, వారం తిరక్కుండా ఆ మాట వెనక్కి తీసుకుంది. మా వీధిలో ఒకావిడ ఎ2 నెయ్యి తింటే ఒళ్ళు తగ్గుతుందట కదా అని అడిగింది. నెయ్యి ఏ ఆవుదైనా గ్రాముకి 9 కెలోరీలే అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

పలమనేరు దాటి వి.కోట మీదుగా కుప్పం వైపు తిరిగితే, తెల్లారగట్ల రోడ్డు పక్కన పాల క్యాన్లు కనపడతాయి. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. బోర్లలో నీళ్ళు పాతాళానికి పోయిన నేల. వాన మోసం చేసినా పదిహేను రోజులకోసారి పాలబిల్లు వస్తుంది, కాబట్టి చాలా ఇళ్ళల్లో సేద్యం కన్నా పాడే ఆధారం. ఈ పాల చుట్టూ రాజకీయమూ అల్లుకుంది. 1989 నుంచి కుప్పం ఎమ్మెల్యేగా ఉన్న చంద్రబాబునాయుడు 1992లో హెరిటేజ్ సంస్థ పెట్టాడు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. 2020 డిసెంబరులో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం అమూల్‌ని తెచ్చి పాలవెల్లువ పథకం మొదలుపెట్టింది. చిత్తూరు డెయిరీ ఎందుకు మూతపడిందన్నదాని మీద రెండు పక్షాలూ ఇరవయ్యేళ్ళకి పైగా తిట్టుకున్నాయి. పాలు పితికేవాళ్ళని అడిగినట్టు మాత్రం ఎక్కడా చదవలేదు. పాలవెల్లువలో సంఘాలు మహిళల పేరు మీద పెట్టడం ఒక్కటి నాకు నచ్చింది, ఎందుకంటే అంతకుముందు చాలా ఇళ్ళల్లో పాలు పోసేది ఆమె, పాసుపుస్తకం ఆయనది.

కుప్పం దగ్గరి పల్లెలో నాకు వరసకి వదిన ఒకామె ఉంది. రెండు ఆవులు, పూటకి ఏడెనిమిది లీటర్లు. నాలుగింటికి లేస్తుంది. కేంద్రంలో మిషను చుక్క పాలు పీల్చి వెన్న ఎంతో, వెన్న కాని ఘనపదార్థం ఎంతో చూపిస్తుంది. చీటీ మీద 3.8 వస్తే మొహం వెలుగుతుంది, 3.4 వస్తే దాణా గురించి తిట్టుకుంటూ ఇంటికొస్తుంది. ఆ దశాంశమే ఆమె కూలి. ఇంట్లోకి అరలీటరు ఉంచుకుంటుంది. అందులో మొగుడికి కాఫీ, మనవడికి గ్లాసు. ఆమె తాగేది వరకాఫీ, లేదా అడుగు గిన్నె కడిగినట్టుండే పాలనీళ్ళు. మనిషి పుల్లలా ఉంటుంది. రక్తం తక్కువని ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలిచ్చారు. కోడలు బెంగుళూరులో ఉంది, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, వంట, పిల్లాడు. ఒళ్ళు వచ్చిందని స్కిమ్డ్ పాలు కొంటుంది.

ఒకే ఇంట్లో ఈ రెండు ఒళ్ళూ ఉండడం వింత కాదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం అధిక బరువువాళ్ళు, 14.8 శాతం ఉండవలసినదానికన్నా తక్కువ బరువువాళ్ళు, 58.8 శాతం రక్తహీనులు. మూడు అంకెలూ కూడితే నూరు దాటుతుంది. అంటే బరువు ఎక్కువో తక్కువో ఉన్నవాళ్ళలో కూడా రక్తం లేనివాళ్ళున్నారన్నమాట. వీళ్ళకి పాలప్యాకెట్ మార్చమని చెప్పి పంపెయ్యడం నాకు సులువే. నడవమని కూడా చెబుతాను. ఎప్పుడు నడుస్తారు? 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. కోడలికి కావలసింది ఆ తేడాలోంచి ఒక ముప్పావుగంట. వదినకి కావలసింది ఆ అరలీటరులోంచి ఒక గ్లాసు. ఈ రెండూ ఏ డెయిరీ అమ్మదు.

పోయిన ఎండాకాలం వదిన ఇంటికి వెళ్ళినప్పుడు టోన్డ్, డబుల్ టోన్డ్ కథ చెప్పాను. గడ్డి కట్ట విప్పుతూ విన్నది.

"ఆ తీసేసిన ఫ్యాటు ఏం జేస్తారు వదినా?"

"నెయ్యి చేసి అమ్ముతారు."

"అట్లయితే నా కాడ ఫ్యాటుకి దుడ్లిచ్చి కొని, మా కోడలి కాడ ఫ్యాటు లేనిదానికి దుడ్లు దీసుకోని, నడాన నెయ్యి వాళ్ళకే మిగుల్తాదా?"

డెయిరీకి కరెంటు, వ్యాను, కూలీల ఖర్చులుంటాయని చెప్పబోయాను. ఆమె వినలేదు, కిలో నెయ్యికి ఎన్ని లీటర్లు కావాలని అడిగింది. ఆమె ఆవుల పాలైతే 27 దాకా కావాలన్నాను. వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"రెండు దినాలవి" అంది. ఆమె నెయ్యి కొని ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు. సాయంత్రం పాలకి వేళయిందని దూడని విప్పడానికి లేచింది.